ఒకే కడుపు, అయిదు చీటీలు

ఆమదాలవలస నుంచి పాలకొండ వెళ్ళే బస్సులో ఎనిమిదేళ్ళుగా రోజూ బడికి వెళుతున్నాను. ఆ దారిలో ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి ఉందో, దాని తలుపుకి గొళ్ళెం ఉందో లేదో, ఏ ఊళ్ళో తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో నాకు నోటికి వచ్చు. ఎక్కడా రాసుకోలేదు. కడుపే నేర్పింది. ఏడుంపావు బస్సు అందుకోవడానికి నాలుగున్నరకే లేచేదాన్ని. మూడుసార్లు వెళ్ళొస్తే గానీ బస్సెక్కే ధైర్యం వచ్చేది కాదు. తిని బయల్దేరితే దారిలో అవస్థ. తినకుండా వెళితే రెండో పీరియడ్‌కి గుండెల్లో మంట. బోర్డు మీద త్రిభుజం గీస్తూ చాక్‌పీసు పట్టుకున్న చేత్తోనే పొట్ట అదుముకున్న రోజులు ఎన్నో ఉన్నాయి.

నాకిప్పుడు నలభై నాలుగేళ్ళు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పన్నెండేళ్ళుగా నా కడుపులో అయిదు జబ్బులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తిన్నది పైకి ఎగదన్నే రిఫ్లక్స్. నాలుగు ముద్దలకే పొట్ట పైభాగం బిగుసుకుపోయే ఫంక్షనల్ డిస్పెప్సియా. ఒక వారం విరేచనాలు, మరో వారం మలబద్ధకం తెచ్చే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్. పాలు అరగకపోవడం. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసేశాక మొదలైన పిత్తరసపు విరేచనాలు. మధ్యలో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కొన్నేళ్ళు కాపురముండి పోయింది. వీటికి తోడు థైరాయిడ్ ఎలాగూ ఉంది.

వీటిలో ఏ ఒక్కటీ ప్రాణం మీదికి వచ్చేది కాదు. విడివిడిగా చూస్తే దేని మందు దానికుంది. అయినా ఎనిమిదేళ్ళపాటు నాకు ఏదీ నయం కాలేదు. ఒక్కో జబ్బుకి ఒక్కో డాక్టరు, ఒక్కో చీటీ. ఒక చీటీలోని మందు రెండో చీటీలోని జబ్బుని పెంచుతోందని చూసే మనిషి లేకపోయారు. ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే. నాలాంటి కడుపుకి కొత్త మందు కన్నా ముందు కావలసింది అన్ని చీటీలనూ ఒకే బల్ల మీద పరిచి చూసే ఒక డాక్టరు. ఆ తర్వాత, ఏది ముందు ఏది వెనక అన్న వరస.

మా వైపు కడుపులో ఏ బాధ వచ్చినా దాని పేరు గ్యాస్. ఛాతీ మండితే గ్యాస్, నడుం పట్టేస్తే గ్యాస్, కళ్ళు తిరిగితే గ్యాస్ తలకెక్కిందంటారు. మందుల షాపుకి వెళ్ళి "గ్యాస్‌కి ఏదైనా ఇయ్యి బావూ" అంటే చాలు, ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్, వాంతి ఆపే డోంపెరిడోన్ కలిసిన గొట్టం మాత్ర ఒకటి కత్తిరించి చేతిలో పెడతారు. చీటీ అడిగేవాళ్ళు లేరు. ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నావని అడిగేవాళ్ళు అంతకన్నా లేరు. మా వీధి చివర ఒకాయన ఏడాదిన్నర అలాగే మింగారు. అన్నం మింగుడు పడడం లేదని, మెతుకులు గొంతు కింద ఆగిపోతున్నాయని చెబుతూనే ఉన్నారు. ఆ మాట విని ఒక్కరైనా ఆగి ఉంటే బాగుండేది. ఎండోస్కోపీ చేసేసరికి అన్నవాహికలో గడ్డ బాగా పెరిగిపోయింది.

అందుకే నా జబ్బుల సంగతికి వెళ్ళేముందు ఇది చెప్పి తీరాలి. మింగడం కష్టమైనా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం తగ్గిందని రిపోర్టు వచ్చినా, నిద్రలోంచి లేపేంత నొప్పో విరేచనమో వచ్చినా, యాభై దగ్గరపడ్డాక ఎన్నడూ లేని కడుపు బాధ కొత్తగా మొదలైనా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, అది గ్యాస్ అని ఎవరు చెప్పినా వినకండి. మన దేశంలో పేగులకి క్షయ కూడా వస్తుంది. పైకి చూస్తే మామూలు కడుపునొప్పి, సన్నజ్వరం, నీరసం లాగే ఉంటుంది. ఇవి లేవని తేల్చుకున్నాకే నేను కింద రాసేదంతా.

ఇక నా కథ. 2013లో మంటతో మొదలైంది. గ్యాస్ మాత్ర వేసుకున్నాను, తగ్గింది, మానేశాను, మళ్ళీ వచ్చింది. ఇలా మూడేళ్ళు. ఆ మాత్ర టిఫిన్ తినడానికి అరగంట ముందు వేసుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. పొట్టలో ఆమ్లాన్ని తయారుచేసే పంపులు అన్నం పడ్డప్పుడు పని మొదలుపెడతాయి. మందు అప్పటికే రక్తంలో ఉంటేనే వాటిని ఆపగలదు. నేను మూడేళ్ళూ తిన్నాక వేసుకున్నాను. డబ్బు పెట్టి కొన్న మందులో సగం బలం అలా వృథా అయిపోయింది.

"పొద్దున్నే చల్లటి పాలు తాగండి, మంట తగ్గుతుంది" అన్నారు ఒక డాక్టరు. పెద్దగ్లాసు తాగేదాన్ని. మంట ఓ గంట తగ్గేది. పదిన్నరకల్లా పొట్ట డోలు. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టే ఎంజైము చిన్నతనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది, దక్షిణాదిలో అలాంటివాళ్ళు చాలా ఎక్కువ. అరగని చక్కెర పెద్దపేగుకి చేరి అక్కడి బాక్టీరియాకి మేత అవుతుంది. ఆ ఉబ్బరానికి ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే మెలిపెట్టే నొప్పికని డైసైక్లోమిన్ రాశారు. అది పేగుల బిగువుని సడలిస్తుంది, నిజమే. కానీ అన్నవాహిక కింద ఉండే కవాటాన్ని కూడా సడలిస్తుంది, పొట్ట ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. నొప్పి తగ్గింది, మంట రెట్టింపైంది. మంటకి మూడో చోట మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సీసా ఇచ్చారు. మెగ్నీషియం విరేచనాలు చేయిస్తుంది. విరేచనాల తర్వాత వచ్చిన మలబద్ధకానికి ఇసబ్‌గోల్ రాశారు. మంచి మందే, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే ఐబీఎస్‌కి పనిచేసే పీచు అది. నేను మొదటిరోజే రెండు పెద్దచెంచాలు వేసుకున్నాను. ఆ రాత్రి పొట్ట పగిలిపోతుందేమో అనిపించింది.

ఒక్కో మెట్టు దగ్గరా ఏ డాక్టరూ తప్పు మందు రాయలేదు. ఆ ఒక్క బాధకి అది సరైన మందే. నేను కోపంగా ఉన్నది వాళ్ళ చదువు మీద కాదు. నా చేతిలోని పాత చీటీని ఎవరూ అడిగి తీసుకోలేదు. నేను ఇవ్వబోతే "అవన్నీ ఆపేయండి, ఇవి వాడండి" అన్నారు. ఓపీలో నాకు దొరికినది మూడు నిమిషాలు. బయట బల్లల మీద అరవై మంది. అంత రద్దీలో అయిదు జబ్బుల మనిషి కూడా ఒక్క బాధే చెప్పుకోగలదు. ఆ రోజు ఏది ఎక్కువగా ఉంటే అదే.

2016లో స్కానింగులో గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు కనిపించాయి. "ఇదీ మీ నొప్పికి కారణం" అన్నారు. అన్ని జబ్బులకీ ఒకే కారణం దొరికినట్టు ఇంటిల్లిపాదీ సంతోషించాం. చిన్న రంధ్రాలతో ఆపరేషన్, మూడోరోజుకి ఇంటికి వచ్చేశాను. నెల తిరక్కుండా తెలిసింది, పాత నొప్పి అక్కడే ఉంది. రాళ్ళు చాలామందిలో ఏ బాధా లేకుండా జీవితాంతం ఉండిపోతాయి. రాయి కనబడడం వేరు, నొప్పికి రాయే కారణం కావడం వేరు. రాళ్ళ నొప్పి కుడిపక్కన డొక్క కిందో, పొట్ట పైభాగం మధ్యలోనో, రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారి తీవ్రంగా వస్తుంది. గంటల తరబడి ఉంటుంది. నాది రోజూ తిన్నాక వచ్చే బరువు. ఆ తేడా నన్ను అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని.

ఆపరేషన్ కొత్తగా ఒకటిచ్చింది. పిత్తరసాన్ని దాచుకునే సంచి పోయాక, కొందరిలో ఆ రసం ఎప్పుడు పడితే అప్పుడు పేగుల్లోకి కారుతుంది. మిగిలిపోయినది పెద్దపేగుకి చేరి నీళ్ళ విరేచనాలు చేయిస్తుంది. నా పొద్దుటి మూడుసార్ల ప్రయాణం అప్పుడే మొదలైంది. దాన్ని మూడేళ్ళు ఐబీఎస్ లెక్కలోనే వేశారు. చివరికి ఒకరు గుర్తుపట్టి కొలెస్టిరమైన్ పొడి ఇచ్చారు. పదిరోజుల్లో రెండుసార్లకి తగ్గింది. నాకు ఏడుపొచ్చింది.

అయితే ఆ పొడి పేగులో పిత్తరసాన్ని పట్టుకున్నట్టే మిగతా మందుల్ని కూడా పట్టేసుకుంటుంది. వేరే మందులు దానికి గంట ముందైనా, నాలుగైదు గంటల తర్వాతైనా వేసుకోవాలి. నేను పొడి కలుపుకుని, అదే నీళ్ళతో థైరాయిడ్ మాత్ర మింగేదాన్ని. నాలుగు నెలలకి థైరాయిడ్ రిపోర్టు ఘోరంగా వచ్చింది. థైరాయిడ్ డాక్టరు మాత్ర డోసు పెంచారు. ఆయనకి పొడి సంగతి తెలియదు, పొడి ఇచ్చినవారికి మాత్ర సంగతి తెలియదు. రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నాకు వాటి మధ్య సంబంధం తెలియదు. తర్వాత వేళలు మార్చగానే పెంచిన డోసు ఎక్కువైపోయి గుండెదడ మొదలైంది. ఈ ఒక్క సంఘటనని ఎవరికైనా చెప్పండి, నా వాదనంతా అందులోనే ఉంది.

బాక్టీరియా సంగతి కూడా అలాంటిదే. 2017లో ఎండోస్కోపీ చేసి హెలికోబాక్టర్ పైలోరీ లేదని రాశారు. అప్పటికి నేను గ్యాస్ మాత్ర రోజూ వాడుతున్నాను. ఆ మాత్రల మీద ఉన్నప్పుడు ఈ బాక్టీరియా పరీక్షకి దొరక్కుండా దాక్కోగలదు. కనీసం రెండు వారాలు మాత్ర, నాలుగు వారాలు యాంటీబయాటిక్స్ ఆపి చేయాలి. 2020లో అలా ఆపి చేస్తే ఉందని తేలింది. పద్నాలుగు రోజులు రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మాత్ర, నోరంతా ఇనప రుచి. అయిపోయిన రెండు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించి పోయిందని నిర్ధారించుకున్నాను. ఈ ఆఖరి పరీక్షని చాలామంది చేయించుకోరు. దయచేసి చేయించుకోండి.

ఈ బాక్టీరియాని కనిపెట్టిన కథ నాకు ధైర్యాన్నిచ్చింది. పొట్టలో పుండ్లు ఆందోళన వల్ల, కారం వల్ల వస్తాయని ప్రపంచమంతా నమ్మేది. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఇద్దరూ 1982లో ఈ క్రిమిని పెంచి చూపిస్తే ఎక్కువమంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి పొట్టలో వాపు తెచ్చుకుని నిరూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంటే ఎన్నో ఏళ్ళు ఎంతమంది రోగులకు "నీ టెన్షనే నీ జబ్బు" అని చెప్పి పంపేసి ఉంటారు!

ఆ మాట నాకూ చాలాసార్లు చెప్పారు. కొలనోస్కోపీ నార్మల్, రక్తపరీక్షలు నార్మల్, స్కానింగ్ నార్మల్. "అన్నీ బాగున్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకోండి." నార్మల్ అన్న మాట విని ఇంటికొస్తుంటే మనిషికి సంతోషం కలగాలి. నాకు భయమేసేది. నొప్పి ఉంది, దానికి చోటు లేదు. ఇంట్లోవాళ్ళ కళ్ళల్లో కూడా ఒక ప్రశ్న కనిపించేది. ఎవరూ అడగకపోయినా.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. 2019లో ఒక డాక్టరు రాత్రిపూట వేసుకోమని 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశారు. అట్ట మీద వివరం చదివితే డిప్రెషన్‌కి వాడే మందని ఉంది. నాకు పిచ్చి అనుకుంటున్నారని కోపం వచ్చి చెత్తబుట్టలో పారేశాను. ఆయన ఒక్క వాక్యం చెప్పి ఉంటే పారేసేదాన్ని కాదు: పేగు గోడల్లో కోట్లకొద్దీ నరకణాలున్నాయని, అవి మెదడుతో ఎడతెగకుండా మాట్లాడుకుంటాయని, నాలాంటివాళ్ళలో ఆ నరాలు మామూలు గాలిని, మామూలు కదలికని కూడా నొప్పిగా పైకి పంపుతాయని, ఈ చిన్న డోసు ఆ నరాల గోలని తగ్గించడానికని. 2016లో రోమ్ ఫౌండేషన్ అనే అంతర్జాతీయ సంస్థ నిపుణులు ఐబీఎస్, ఫంక్షనల్ డిస్పెప్సియా లాంటి జబ్బుల్ని పేగుకీ మెదడుకీ మధ్య జరిగే మాటామంతీలో వచ్చిన లోపాలుగా కొత్తగా పేరు పెట్టింది ఇందుకే. టెన్షన్ తగ్గించుకో అనడానికీ ఇలా చెప్పడానికీ మధ్య నేలకీ నింగికీ ఉన్నంత దూరం ఉంది. 2023లో బ్రిటన్‌లో 463 మంది ఐబీఎస్ రోగులపై చేసిన అధ్యయనం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 30 దాకా పెంచుతూ ఆరు నెలలు ఇస్తే, ఉత్తుత్తి మాత్ర కన్నా బాగా పనిచేసిందని తేలింది. నేను 2021లో మళ్ళీ మొదలుపెట్టాను. నోరు ఎండిపోతుంది, మొదటి వారం మత్తుగా ఉంటుంది. కానీ నొప్పి జోరు తగ్గింది. రెండేళ్ళు నా మొండితనం వల్ల పోయాయి, సగం పాపం చెప్పకుండా రాసిన చీటీది.

2021లో విశాఖలో దొరికారు ఆ డాక్టరు. పేరు రాయను, ఆవిడకి అది ఇష్టం ఉండదు. రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ఆ రోజు సెలవు, ఆటోలు, ఫీజు. మామూలుగా ఇలాంటి రోజు చివర నాకు మిగిలేది ఇంకో చీటీ. ఆవిడ మాత్రం నా సంచిలోని కాగితాలన్నీ బల్ల మీద పోయమన్నారు. తారీఖుల వారీగా పేర్చమన్నారు. నలభై నిమిషాలు పట్టింది. తెల్లకాగితం మీద అడ్డంగా జబ్బులు, నిలువుగా మందులు రాసి, ఏ మందు దేన్ని తగ్గిస్తుందో, దేన్ని పెంచుతుందో గళ్ళల్లో గుర్తులు పెట్టారు. లెక్కల టీచర్ని కదా, ఆ పట్టిక చూడగానే నాకు ఆ ఎనిమిదేళ్ళూ అర్థమైపోయాయి. పదకొండు మందుల్లో ఆరు ఆ రోజే ఆగిపోయాయి.

తర్వాత ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఒకసారి ఒక్క మార్పు, దాని ఫలితం మూడు వారాలు చూశాకే రెండోది. ముందుగా ఆమ్లం తగ్గించే మాత్ర వేళ, మంచం తలవైపు కాళ్ళ కింద ఆరంగుళాల చెక్కలు, పడుకునే ముందు మూడు గంటలు ఏమీ తినకపోవడం. తర్వాత పాలు. తర్వాత పిత్తరసపు పొడి, థైరాయిడ్ మాత్రల వేళలు. ఆ తర్వాత నరాల మందు. తిండి చివర్న. నాకేమో తిండితోనే మొదలుపెట్టాలని తొందర. "తిండి అన్నింటికన్నా పెద్ద మార్పమ్మా. మిగతావి నిలకడగా లేకుండా దాన్ని కదిపితే, ఏది దేనివల్లో నీకూ తెలీదు, నాకూ తెలీదు" అన్నారు. ఒక నోటుపుస్తకం పెట్టించారు. తిన్నది, బాధ, నిద్ర, నెలసరి, మలం ఏ రకం. బ్రిస్టల్ పట్టికలో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి. ఒకటి మేక పెంటికల్లాంటిది, ఏడు ఉత్త నీళ్ళు. సిగ్గుపడే మాటని అంకె చేసేసరికి చెప్పడం తేలికైంది.

తిండి వంతు వచ్చేసరికి నాకు అసలు పరీక్ష ఎదురైంది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన పద్ధతి అది. పేగులో పులిసి గాలి చేసే కొన్ని పిండిపదార్థాలను రెండు నుంచి ఆరు వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తినిచూసి, పడినవి ఉంచుకోవడం. మానేయాల్సినవాటిలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు, జీడిపప్పు. పలాస చుట్టాలున్న ఇంట్లో జీడిపప్పు వద్దనడం, శ్రీకాకుళం ఇంట్లో పప్పు వద్దనడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఇంటర్నెట్‌లో నాకు దొరికిన పట్టికలన్నీ రొట్టెలకీ చీజ్‌కీ రాసినవి. మన వంటింటికి రాసింది నాకు దొరకలేదు.

రాసింది మా అత్తగారు. మొదట్లో ఆవిడే నాకు పెద్ద కష్టం. "తినకపోతే బలం ఎలా వస్తాదే? ఒక్క ముద్దకి ఏటైపోద్ది?" అనేవారు. ప్రేమతోనే. పెద్దాళ్ళ ప్రేమ మన దగ్గర కంచంలోనే కనబడుతుంది, కంచం తోసేస్తే మనిషిని తోసేసినట్టు. ఒకరోజు ఆవిడకి నోటుపుస్తకం చదివి వినిపించాను. ఉల్లిపాయ పులుసు తిన్న ప్రతి పేజీలోనూ అదే గీత, అదే రాత్రి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న పోపులో ఉల్లిపాయని నాలుగు పెద్ద చెక్కలు చేసి, నూనెలో బాగా వేయించి, చెక్కలు తీసి ఆయనకీ పిల్లలకీ వేసి, ఆ నూనెతో నా కూర చేశారు. గాలి చేసే పదార్థం నీళ్ళలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. ఆవిడకి ఆ సంగతి తెలియదు, "వాసనైనా ఉండాలి కదే పిల్లకి" అనుకున్నారంతే. వెల్లుల్లితోనూ అలాగే. కందిపప్పు రాత్రి నానబోసి ఆ నీళ్ళు పారబోసి వండితే నాకు సగం ఇబ్బంది తగ్గింది. డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారని అట్ట మీద చదివి, అది కలపని ఇంగువకి మారాం. అన్నం, ఆనపకాయ, బీరకాయ, చేప పులుసు కొంచెం చింతపండుతో, చోడి (రాగి) అంబలి పల్చగా, పాలకి బదులు పులిసిన పెరుగు చిన్నగిన్నెడు. పెరుగులో బాక్టీరియా లాక్టోజ్‌ని కొంత ముందే అరిగించి పెడుతుంది కాబట్టి చాలామందికి పడుతుంది. నాకు పడింది. తరవాణి మాత్రం పడలేదు, గొంతుదాకా మండింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ కుండలోంచి ముంచి ఇచ్చిన ఆ పుల్లటి నీళ్ళు వదులుకోవడం, ఈ మొత్తంలో, నాకు అన్నింటికన్నా బాధ కలిగించింది.

ఇంకొక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆ నిషేధాల జాబితా కొన్ని వారాలకే. జీవితాంతం అలా తింటే పేగులోని మంచి బాక్టీరియాకి మేత తగ్గిపోతుంది, మనిషికి పోషణ తగ్గిపోతుంది. జాబితా దొరికింది కదా అని ఏళ్ళ తరబడి చారూ అన్నం మాత్రమే తిని ఎండిపోయినవాళ్ళని చూశాను. మానేయడం పరీక్షలో మొదటి సగం మాత్రమే.

మా పిన్నిది మా జిల్లాలోనే ఉద్దానం ప్రాంతంలోని కవిటి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలుసు, కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. ఆ జబ్బు భయంతో పిన్ని ఏ మాత్రా మింగదు, చివరికి డాక్టరు రాసినది కూడా. "మాత్రలే కిడ్నీల్ని తినీసినాయే అమ్మా" అంటుంది. ఆ భయాన్ని నేను తీసిపారేయను. అదే ఊళ్ళో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసి వచ్చి ఒళ్ళునొప్పులకి షాపులో దొరికే నొప్పి మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళున్నారు. ఆ మాత్రలు పొట్టలో పుండు చేస్తాయి, కిడ్నీకీ చేటే. పుండు మంటకి మళ్ళీ గ్యాస్ మాత్ర. పిన్నికి కావలసింది మాత్రల్ని వెనకేసుకొచ్చే మనిషి కాదు. ఏది ఎందుకు, ఎన్నాళ్ళు అని కూర్చోబెట్టి చెప్పే మనిషి.

రోమ్ ఫౌండేషన్ వాళ్ళు 33 దేశాల్లో 73 వేల మందికి పైగా పెద్దవాళ్ళని అడిగి చేసిన సర్వే 2021లో వచ్చింది. ఇంటర్నెట్‌లో జవాబిచ్చినవాళ్ళలో 40 శాతం మందికి ఇలాంటి పేగు జబ్బుల్లో ఏదో ఒకటి ఉంది. ఇంటికి వెళ్ళి ఎదురుగా కూర్చుని అడిగిన దేశాల్లో, మన దేశం అందులోదే, ఆ లెక్క అందులో సుమారు సగమే. తేడాకి కారణాలు చాలా ఉండొచ్చు. నాకు తోచినది మాత్రం ఇది: ఎదురుగా మనిషి కూర్చుంటే విరేచనం మాట మనం చెప్పం. పక్కనే మామగారు ఉంటే అసలు చెప్పం. నేను ఏడేళ్ళు మా హెడ్మాస్టారుకి తలనొప్పని చెప్పి సెలవు పెట్టాను.

కాబట్టి నేను అడిగేవి గొప్పవేం కావు. జిల్లా కేంద్రాల్లోని పెద్దాసుపత్రుల్లో నెలలో ఒక పూట, పాతబడ్డ కడుపు జబ్బులవాళ్ళకి మనిషికి అరగంట చొప్పున ఇచ్చే ఓపీ ఒకటి ఉండాలి. విశాఖో హైదరాబాదో పోగలిగినవాళ్ళకి మాత్రమే వరస దొరకడం అన్యాయం. నాకు నెలజీతం ఉంది, సెలవులున్నాయి. నాతో బస్సులో వచ్చే కూలిమనిషికి రెండూ లేవు, నా జబ్బే ఆవిడకీ ఉంటే ఆవిడ జీవితాంతం గ్యాస్ మాత్ర మీదే బతకాలి. రెండోది, డాక్టరు మారినా మందుల కాగితం ఒక్కటే ఉండాలి. ఆసుపత్రులు ఇవ్వకపోతే మనమే రాసుకోవాలి: మందు పేరు, డోసు, వేళ, ఎందుకు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపారు. నేనిప్పుడు ఆ కాగితం ముందు బల్ల మీద పెట్టాకే కూర్చుంటాను. పక్కకి తోసేసిన డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళను. మూడోది బళ్ళల్లో, బస్టాండుల్లో నీళ్ళు వచ్చే, గొళ్ళెం పడే మరుగుదొడ్లు. ఇది వైద్యం కాదని ఎవరైనా అంటే, ఏడుంపావు బస్సులో ఒక్కరోజు నా పక్కన కూర్చోమంటాను.

నాకు పూర్తిగా తగ్గిందా అని అడుగుతారు. లేదు. పోయిన ఫిబ్రవరిలో మూడు వారాలు మళ్ళీ పడుకున్నాను. పెళ్ళి భోజనం ఒకటి, పదో తరగతి ఒత్తిడి ఒకటి, రెండు రాత్రుల నిద్ర లేమి ఒకటి. అప్పుడు కొత్త డాక్టరు కోసం పరిగెత్తలేదు. పుస్తకం తెరిచి, చివరిసారి నిలకడగా ఉన్న రోజుకి వెనక్కి వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున్న ఒకటి, మహా అయితే రెండుసార్లు. లేచేది అయిదున్నరకి. టిఫిన్ తినే బస్సెక్కుతున్నాను, రెండు ఇడ్లీలు.

ఈ వారం పుస్తకంలో పనస వంతు. అత్తగారు నిన్న సాయంత్రం పొట్టు కొట్టి, ఆవ వేరే తీసి, నా వాటా ముందుగా చిన్నగిన్నెలోకి తోడి పెట్టారు. మొదటిరోజు రెండు చెంచాలు, ఎల్లుండి నాలుగు.